వాలీబాల్ ఆడే అమ్మాయికి డిగ్రీ కాలేజీ: కర్నూలు, కడప జిల్లాల్లో ఏం చూసి చేర్పించాలి

ఇంటర్ రిజల్టు వచ్చాక డిగ్రీలో ఎక్కడ చేర్పించాలన్న మాట చాలా ఇళ్లలో వారం రోజుల్లో తేలిపోతుంది. ఆదోనిలోనైనా, నంద్యాలలోనైనా, ప్రొద్దుటూరు, రాయచోటిలోనైనా అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. కాలేజీ ఎంత దూరం, అమ్మాయిల కాలేజీనా కాదా, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా, సాయంత్రం ఎన్ని గంటలకి ఇంటికి చేరుతుంది. ఇవన్నీ అడగాల్సినవే. కానీ ఆ అమ్మాయి స్కూల్లో వాలీబాల్ ఆడి జిల్లా జట్టులోనో రాష్ట్ర జట్టులోనో చోటు తెచ్చుకుని ఉంటే, వీటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఆ కాలేజీ ఏ యూనివర్సిటీ కింద ఉంది? ఆ యూనివర్సిటీ అమ్మాయిల వాలీబాల్ జట్టుని ఏటా బయటి పోటీలకి పంపిస్తోందా?

ఈ ప్రశ్న చాలామంది అడగరు. డిగ్రీ అయిపోయి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే రోజున, ఇంట్లో ఉన్న సర్టిఫికెట్ల కట్టలో వాళ్లు అడిగిన కాగితం ఒక్కటి మాత్రం లేదని తెలుస్తుంది.

ఫారం-3 అనే కాగితం

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటా కింద దరఖాస్తు పెట్టేవాళ్లు తమ ఆట స్థాయిని నిర్ణీత ఫారాల్లో చూపించాలి. దేశం తరఫున ఆడితే ఫారం-1. జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడితే ఫారం-2, దాని మీద రాష్ట్ర క్రీడా సంఘం సంతకం ఉంటుంది. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీ తరఫున ఆడితే ఫారం-3, దాని మీద యూనివర్సిటీ క్రీడా విభాగం అధిపతి సంతకం చేయాలి. జాతీయ స్కూల్ గేమ్స్‌లో రాష్ట్ర జట్టుకి ఆడితే ఫారం-4, అది విద్యాశాఖ ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ కాలేజీ స్థాయి ఆటగాళ్లకి యూనివర్సిటీ జట్టులో ఆడిన రుజువే పెద్ద ఆధారం.

ఈ లెక్కలో కాలేజీకి కాలేజీకి మధ్య జరిగే పోటీల సర్టిఫికెట్ ఎక్కడా లేదు. ఇంటర్ కాలేజియేట్‌లో ఫస్టు వచ్చి, కప్పు తెచ్చి, పేపర్లో ఫొటో పడినా అది ఫారం-3 అవ్వదు. ఆ పోటీ చూసి యూనివర్సిటీ వాళ్లు ఎంపిక చేసే 12 మందిలో పేరు ఉండాలి. ఆ జట్టు భారత విశ్వవిద్యాలయాల సంఘం, అంటే ఏఐయూ, నడిపే సౌత్ జోన్ పోటీకి వెళ్లాలి. ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ, పుదుచ్చేరి యూనివర్సిటీలన్నీ ఇందులో ఆడతాయి. పైన నిలిచిన జట్లు ఆలిండియా పోటీకి వెళ్తాయి. అక్కడి నుంచి ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌కి దారి ఉంటుంది. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఆ గేమ్స్‌లో వాలీబాల్ కూడా ఉంది.

వాలీబాల్‌కి ఈ యూనివర్సిటీ దారి మరీ ముఖ్యం కావడానికి కారణం ఉంది. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025లో క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉండడంతో అమ్మాయిల ఆట గురించి ఇళ్లలో మాట మారింది, సంతోషం. కానీ క్రికెట్‌లో ఉన్న లీగులు, వేలాలు అమ్మాయిల వాలీబాల్‌లో లేవు. 2022లో మొదలైన ప్రైమ్ వాలీబాల్ లీగ్ మగవాళ్లది. అమ్మాయిలకి ఈ ఆట ఇచ్చేది ప్రధానంగా చదువులో సీటు, ఉద్యోగంలో కోటా. రెండూ కాగితం మీదే నడుస్తాయి. పైగా జాతీయ వాలీబాల్ ఫెడరేషన్‌లో ఏళ్ల తరబడి తగాదాలు, అడ్‌హాక్ కమిటీలు నడిచాయి. ఒక పోటీకి గుర్తింపు ఉందో లేదో, ఎవరి సంతకం చెల్లుతుందో తేల్చుకోవడమే ఆటగాళ్లకి పెద్ద పని అయింది. యూనివర్సిటీ పోటీలు ఆ గొడవతో సంబంధం లేకుండా ఏఐయూ చేతిలో ఉంటాయి.

ఏ కాలేజీ ఏ యూనివర్సిటీ జట్టుకి పోతుంది

ఉమ్మడి కర్నూలు జిల్లాలో మామూలు డిగ్రీ కాలేజీల్లో ఎక్కువ భాగం 2008లో ఏర్పడిన రాయలసీమ విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ పెట్టిన ఉస్మానియా కాలేజీ కూడా అందులోదే. కానీ కర్నూలు టౌన్‌లోనే ఉన్న కేవీఆర్ ప్రభుత్వ మహిళా కళాశాల, సిల్వర్ జూబ్లీ ప్రభుత్వ కళాశాల, పురుషుల ప్రభుత్వ డిగ్రీ కాలేజీ కలిసి క్లస్టర్ యూనివర్సిటీగా ఏర్పడ్డాయి. కేవీఆర్‌లో చేరిన అమ్మాయి రాయలసీమ యూనివర్సిటీ సెలక్షన్‌కి వెళ్లదు, ఆమె దారి క్లస్టర్ యూనివర్సిటీ నుంచి. ఇక 2016లో వచ్చిన డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ యూనివర్సిటీ విడిగా ఒక యూనివర్సిటీ. ఒకే ఊళ్లో, ఒకే బస్సు రూట్లో మూడు వేర్వేరు జెర్సీలన్నమాట.

ఉమ్మడి కడప జిల్లాలో డిగ్రీ కాలేజీలకి 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. కడప ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల నుంచి ప్రొద్దుటూరు ప్రైవేటు కాలేజీల దాకా అక్కడే పోటీ పడాలి. ఇంజినీరింగ్‌కి వెళ్తే లెక్క మారిపోతుంది. కర్నూలు జి.పుల్లారెడ్డి కాలేజీ, అమ్మాయిలకి మాత్రమే ఉన్న రవీంద్ర మహిళా ఇంజినీరింగ్ కాలేజీ లాంటివి అనంతపురం జేఎన్‌టీయూ కింద ఉంటాయి. సెలక్షన్‌కి అనంతపురం, చిత్తూరు వైపు కాలేజీల అమ్మాయిలతో కలిసి నిలబడాలి. నర్సింగ్, ఫిజియోథెరపీ, మెడిసిన్ అయితే ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, అది రాష్ట్రమంతటికీ ఒకటే. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో పదో తరగతి తర్వాతే చేరితే ఆర్జీయూకేటీ జట్టు. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి పూర్తిగా అమ్మాయిలదే. కడప నుంచి తిరుపతికి పంపడానికి సిద్ధపడే ఇళ్లకి అది కూడా ఆలోచించదగిన దారి.

ఇక్కడ ఎవరూ పైకి చెప్పని ఒక లెక్క ఉంది. యూనివర్సిటీ చిన్నదైతే 12 మందిలో చోటు దొరకడం తేలిక. మూడు కాలేజీల నుంచి 12 మందిని ఏరడానికి, జిల్లా అంతటా ఉన్న కాలేజీల నుంచి ఏరడానికి తేడా ఉండదా? మొదటి ఏడాదే జట్టులోకి వచ్చి, డిగ్రీ అయ్యేలోపు మూడు సౌత్ జోన్లు ఆడే అవకాశం ఉంటుంది. అయితే చిన్న యూనివర్సిటీ జట్టు మొదటి రౌండులోనే కేరళ జట్టుతోనో చెన్నై ఎస్ఆర్ఎం జట్టుతోనో తగిలితే అరగంటలో తిరుగు రైలు ఎక్కాల్సి వస్తుంది. పాల్గొన్నట్టు ఫారం-3 చేతికి వస్తుంది, మెడల్ రాదు. రైల్వే లాంటి చోట్ల పోస్టుని బట్టి ఉత్త పాల్గొనడం చాలదు, ఆలిండియా స్థాయిలో స్థానం అడుగుతారు. పెద్ద జట్టులో చేరితే మెడల్‌కి అవకాశం ఉంటుంది, కానీ రెండేళ్లు బెంచీ మీద కూర్చోవాల్సి రావచ్చు.

జిల్లా స్థాయిలో బాగా ఆడి, రాష్ట్ర జట్టు దాకా రాని అమ్మాయికి దగ్గర్లోని చిన్న యూనివర్సిటీయే మేలు. స్కూల్ గేమ్స్ నేషనల్స్ ఆడి వచ్చిన అమ్మాయిని మాత్రం పక్కింటి కాలేజీ అని చేర్పించడం ఆమెకి నష్టమే. అలాంటి అమ్మాయి విషయంలో తిరుపతి, అనంతపురం, ఇల్లు ఒప్పుకుంటే కేరళ దాకా ఆలోచించాలి. కేరళలో చంగనాశ్శేరి అసంప్షన్ కాలేజీ, ఇరింజాలకుడ సెయింట్ జోసెఫ్స్ కాలేజీ అమ్మాయిల వాలీబాల్‌కి పేరు పడ్డవి. అక్కడ స్పోర్ట్స్ కౌన్సిల్ హాస్టళ్లు కాలేజీలకి అనుబంధంగా నడుస్తాయి. తిండి, కోచింగ్, చదువు ఒకే ఆవరణలో ఉంటాయి. దేశంలో మహిళల వాలీబాల్ అంటే ఏళ్లుగా కేరళ, రైల్వేస్ పేర్లే ముందు వినపడుతున్నాయంటే ఆ హాస్టళ్ల పాత్ర తక్కువేం కాదు.

ఆడడానికి అర్హత కూడా ముందే చూసుకోవాలి. యూనివర్సిటీ పోటీలకి రెగ్యులర్ కోర్సులో చదివేవాళ్లే అర్హులు. దూరవిద్యలో, ఓపెన్ డిగ్రీలో చేరితే ఆట అక్కడితో ఆగినట్టే. వయసు 25 ఏళ్ల లోపు ఉండాలి. ఏదో కారణంతో ఇంటర్ తర్వాత ఒకటి రెండేళ్లు చదువు ఆగిన అమ్మాయికి కూడా దారి మూసుకుపోలేదన్నమాట.

కాలేజీకి పోయి చూడాల్సింది

ప్రాస్పెక్టస్‌లో ప్రతి కాలేజీకీ విశాలమైన క్రీడా మైదానం ఉంటుంది. నిజం తెలియాలంటే సాయంత్రం నాలుగున్నరకి, ముందు చెప్పకుండా పోయి చూడాలి. అడ్మిషన్ల సీజన్‌లో పోతే సెలవులని చెబుతారు. కాబట్టి ఇంటర్ రెండో ఏడాది చదువుతుండగానే, నవంబరు, డిసెంబరు నెలల్లో ఒకసారి అబ్బానో అన్నో వెంట తీసుకుపోవడం మంచిది.

కోర్టు దగ్గర మొదట చూడాల్సింది నెట్టు. మగవాళ్లకి నెట్టు ఎత్తు 2.43 మీటర్లు, ఆడవాళ్లకి 2.24 మీటర్లు. నెట్టు 2.43 దగ్గరే తుప్పు పట్టిన కొక్కేనికి బిగిసి ఉంటే, అక్కడ అమ్మాయిలు ఆడడం లేదని వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అబ్బాయిల ఎత్తులో ప్రాక్టీసు చేసిన అమ్మాయికి చేతి ఊపు, దూకే సమయం రెండూ తప్పుతాయి.

రెండోది నేల. కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టూ కనీసం మూడు మీటర్ల ఖాళీ ఉండాలి. నంద్యాల, కోవెలకుంట్ల వైపు నల్లరేగడి నేలలో వేసిన కోర్టు వానాకాలం బంకబంకగా ఉంటుంది, ఎండాకాలం నెర్రెలిచ్చి చీలమండ మడతపడేలా చేస్తుంది. ఎర్రమట్టి పోసి, నీళ్లు చల్లి, రోలరు తిప్పిన కోర్టు మన ప్రాంతానికి మంచిది. సిమెంటు కోర్టు చూడ్డానికి నీట్‌గా ఉంటుంది కానీ రోజుకి వందసార్లు దూకే మోకాళ్లకి అది శత్రువు. అక్కడ ప్రాక్టీసు తప్పదంటే మంచి బూట్లు, నీ ప్యాడ్లు కొనాల్సిందే, ఆ ఖర్చు ఫీజులో కలిపి లెక్కేసుకోవాలి. ఇండోర్ హాలు ఉన్న కాలేజీ దొరికితే అదృష్టం. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడప ఎండ 40 డిగ్రీలు దాటాక బయటి కోర్టులో పొద్దున ఏడున్నర తర్వాత ఎవరూ ఆడలేరు.

మూడోది మనిషి. పీడీ పోస్టు భర్తీ అయి ఉందా, లేక లైబ్రేరియన్‌కో లెక్చరర్‌కో అదనపు బాధ్యతగా ఇచ్చారా? పీడీ మేడమా, సారా? సారైనంత మాత్రాన తప్పేం లేదు. కానీ ఆయన ఏ ఆటలో ఆడి వచ్చారో అడగాలి. అథ్లెటిక్స్ నుంచి వచ్చిన పీడీ ఫిట్‌నెస్ బాగా చేయిస్తారు, సెట్టింగు నేర్పించలేకపోవచ్చు. అప్పుడు పట్టణంలో జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ కోచ్ దగ్గరికి పొద్దున పంపించే వీలుందేమో చూసుకోవచ్చు.

నాలుగోది జట్టు. ఇప్పుడున్న ఆరేడుగురిలో ఫైనలియర్ వాళ్లెవరు, వాళ్లు ఏ పొజిషన్‌లో ఆడతారు? మన అమ్మాయి బూస్టర్ అయితే, అంటే సెట్టర్ అయితే, ఆ కాలేజీలో మంచి బూస్టర్ ఫస్టియర్‌లో ఉందంటే మూడేళ్లు ఆమె వెనకే నిలబడాలి. ఫైనలియర్‌లో ఉందంటే వచ్చే ఏడాది చోటు ఖాళీ. పొట్టి అమ్మాయని ఇంట్లో వెనకాడాల్సిన పనిలేదు. 1998 నుంచి వాలీబాల్‌లో లిబెరో అనే స్థానం ఉంది. నెట్టు దగ్గర స్మాష్ కొట్టే పని లేకుండా, వెనక వరసలో సర్వీసు, స్మాష్ ఎత్తడమే ఆమె పని. అయిదడుగులున్న చురుకైన అమ్మాయికి యూనివర్సిటీ జట్టులో దొరికే మొదటి చోటు చాలాసార్లు అదే.

కాలేజీలో అమ్మాయిలు ఆరుగురు కూడా పోగుకాకపోతే? అప్పుడు ఒక్క అమ్మాయిని విడిగా యూనివర్సిటీ సెలక్షన్‌కి పంపిస్తారా అని ప్రిన్సిపాల్‌నే అడగాలి. పోయిన మూడేళ్లలో ఈ కాలేజీ నుంచి యూనివర్సిటీ వాలీబాల్ జట్టుకి ఎంతమంది అమ్మాయిలు వెళ్లారో పేర్లతో చెప్పమనాలి. పేర్లు వెంటనే చెప్పగలిగిన కాలేజీ నిజంగా ఆడే కాలేజీ. "మా దగ్గర అన్ని ఆటలూ ఉన్నాయమ్మా" అని జవాబు వస్తే ఇక అర్థం చేసుకోవచ్చు.

హాజరు సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. సెమిస్టర్ పరీక్షకి 75 శాతం హాజరు అడుగుతారు. క్యాంపుకి పది రోజులు, టోర్నమెంటుకి వారం, ప్రయాణానికి నాలుగు రోజులు పోతాయి. ఆ రోజుల్ని ఆన్ డ్యూటీగా రాస్తారా, ఇంటర్నల్ పరీక్ష మళ్లీ పెడతారా అన్నది నోటిమాటగా కాక, వెళ్లేటప్పుడు కాగితం మీద తీసుకోవాలి.

దుస్తులు, నమాజు, రంజాన్

చాలా ఇళ్లలో ఆట ఆగిపోయేది ఇక్కడే, అదీ ఎవరినీ అడగకుండానే. షార్ట్స్ వేసుకోవాలేమో, తల మీద బట్ట తీయమంటారేమో అని ఊహించుకుని ఇంటర్‌తోనే మాన్పిస్తారు.

ఇండోర్ వాలీబాల్ నియమాలు అడిగేది జట్టంతా ఒకే రకం దుస్తుల్లో ఉండాలని, లిబెరో జెర్సీ మాత్రం వేరే రంగులో ఉండాలని. గాయం చేసే వస్తువేదీ ఒంటి మీద ఉండకూడదు. ఇరాన్ మహిళల జట్టు పూర్తి చేతుల జెర్సీ, పొడుగు ప్యాంటు, తలకి స్కార్ఫుతోనే అంతర్జాతీయ మ్యాచులు ఆడుతోంది. దుస్తులు అన్నిటికంటే తక్కువగా ఉండే బీచ్ వాలీబాల్‌లో కూడా 2012లో నియమం సడలించారు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈజిప్టు అమ్మాయి దోవా అల్ గొబాషీ హిజాబ్, పూర్తి చేతుల బట్టలతో ఆడింది. 2024 పారిస్‌లో మళ్లీ ఆడింది.

కాబట్టి పనికొచ్చేది ముందుచూపు. స్పోర్ట్స్ హిజాబ్ పిన్నులు లేనిది, సాగే గుడ్డది, జట్టు రంగులోనో నలుపు రంగులోనో కొనాలి. పిన్ను పెట్టిన దుపట్టాతో రిఫరీ కోర్టులోకి రానివ్వకపోతే అది వివక్ష అనుకోకూడదు, కింద పడ్డప్పుడు ఆ పిన్ను ఎవరికైనా గుచ్చుకుంటుంది. లెగ్గింగ్స్, లోపలి పూర్తి చేతులు జట్టు కిట్‌తో కలిసే రంగులో ఉండాలి. కిట్ ఆర్డర్ ఇవ్వకముందే, అంటే క్యాంపు మొదలైన రోజే, పీడీ ద్వారా యూనివర్సిటీ క్రీడా విభాగానికి ఒక దరఖాస్తు ఇచ్చి ఒప్పుదల తీసుకోవాలి. మ్యాచ్ రోజు కోర్టు పక్కన మొదలయ్యే వాదన ఎవరికీ మంచి చేయదు. కొన్ని జట్లలో ఒక అమ్మాయి అడిగితే జట్టంతా ఫుల్ ట్రాక్ ప్యాంటులో ఆడడానికి ఒప్పుకుంటారు కూడా. ఎండలో చర్మం కాలకుండా ఉంటుందని మిగతా అమ్మాయిలకీ అది ఇష్టమే.

సాయంత్రం ప్రాక్టీసు నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా సాగుతుంది. అసర్ ముగించుకుని కోర్టుకి రావచ్చు. చలికాలంలో మగ్రిబ్ ఆరు కాకముందే వస్తుంది, ప్రాక్టీసు మధ్యలో పడుతుంది. పది నిమిషాల విరామం, వుజూకి నీళ్లు, ఒక గది అడిగితే కాదనే పీడీలు అరుదు. అడగకుండా మధ్యలో మాయమైతేనే గొడవ.

రంజాన్ గురించి ఇప్పటి నుంచే ఆలోచించాలి. చాంద్ లెక్క ప్రకారం రంజాన్ ఏటా పదీ పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. 2026లో ఫిబ్రవరి మూడో వారంలో మొదలైంది. 2027లో ఫిబ్రవరి రెండో వారం, 2028లో జనవరి చివర, 2029లో జనవరి మధ్య. 2030లో అయితే జనవరిలో ఒకటి, డిసెంబరు చివర ఇంకొకటి. యూనివర్సిటీ పోటీలు ఎక్కువగా జరిగేది చలికాలంలోనే. అంటే ఇప్పుడు డిగ్రీలో చేరే అమ్మాయి ఫైనలియర్‌కి వచ్చేసరికి రోజాలు, టోర్నమెంటు ఒకదాని మీద ఒకటి పడే అవకాశం ఉంది. రోజా ఉన్న రోజుల్లో దూకుడు వ్యాయామం తగ్గించి, ఇఫ్తార్‌కి ముందు గంటసేపు సెట్టింగు, సర్వీసు లాంటి చేతి పని చేయించి, బరువు పనిని ఇఫ్తార్ తర్వాతకి మార్చే కోచ్‌లు ఉన్నారు. టోర్నమెంటుకి ఊరు దాటి వెళ్లినప్పుడు ముసాఫిర్‌కి ఉన్న వెసులుబాటు ఎలా వర్తిస్తుందో ఇంటి పెద్దలు ఇమాం సాబ్‌ని అడిగి ముందే తేల్చుకుంటే, అమ్మాయి రైల్లో కూర్చుని ఒంటరిగా మథనపడే పని ఉండదు.

రాకపోకలు, క్యాంపులు

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ప్రయాణం ఉచితం. బస్ పాసు ఖర్చు పోయింది. మిగిలింది టైము సమస్య. ప్రొద్దుటూరు నుంచి కడపకి, డోన్ నుంచి కర్నూలుకి రోజూ తిరిగే అమ్మాయి ఆరున్నరకి ప్రాక్టీసు ముగించుకుంటే ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. రోజూ అంటే ఏ అమ్మీ ఒప్పుకోదు. అలాంటప్పుడు పొద్దున ప్రాక్టీసు ఉన్న కాలేజీ, లేదా హాస్టల్ ఉన్న కాలేజీ చూసుకోవాలి. హాస్టల్‌లో చేర్పిస్తే పొద్దున అయిదున్నరకి గేటు తీస్తారా, ప్రాక్టీసు నుంచి వచ్చేదాకా టిఫిన్ ఉంచుతారా అని అడగాలి. గుడ్లు, పాలు అదనంగా ఇచ్చే ఏర్పాటు ఉందా అన్నది ఫీజు కంటే ముఖ్యం. పరగడుపున రెండు గంటలు దూకి, పది గంటలకి క్లాసులో ఉప్మా అరిగిపోయిన కడుపుతో కూర్చునే అమ్మాయి ఏడాదిలో రక్తం తగ్గి ఆట మానేస్తుంది.

ఊరు దాటే ప్రయాణాల్లో జట్టు వెంట మహిళా మేనేజర్ ఎవరు వస్తున్నారో పేరు, ఫోన్ నంబరు తీసుకోవడం తల్లిదండ్రుల హక్కు. బస ఎక్కడ, రైలు టికెట్లు కన్‌ఫర్మ్ అయ్యాయా, రాత్రి దిగే స్టేషన్ నుంచి వాహనం ఉందా, ఇవన్నీ అడగొచ్చు. కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం, 2015 యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. ఆ కమిటీలో ఎవరున్నారో గోడ మీద రాసి ఉండాలి. లేకపోతే అదీ ఒక సమాచారమే.

ఇంటర్ రెండేళ్ల గండి

ఇక్కడ డిగ్రీ గురించే మాట్లాడుకున్నా, చాలామంది అమ్మాయిల ఆట అంతకు ముందే పోతుంది. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీ మేడం దగ్గర బాగా ఆడిన అమ్మాయిని తీసుకుపోయి, మేడ మీద మేడలున్న కార్పొరేట్ జూనియర్ కాలేజీలో వేస్తారు. అక్కడ గ్రౌండు ఉండదు. రెండేళ్లు బంతి ముట్టని అమ్మాయి డిగ్రీ సెలక్షన్‌కి వస్తే పాత చెయ్యి రాదు. ఇంటర్ వాళ్లకి అండర్-19 స్కూల్ గేమ్స్ పోటీలు ఉన్నాయి. రాష్ట్ర జట్టులో చోటు దొరికి నేషనల్స్ ఆడితే అదే ఫారం-4. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేర్పించి ఎంసెట్ కోచింగ్ విడిగా పెట్టించిన ఇళ్లకి రెండూ దక్కాయి. కార్పొరేట్ కాలేజీ తప్పదనుకుంటే కనీసం ఆదివారాలు స్టేడియానికి పంపించాలి.

డిగ్రీ తర్వాత, డిగ్రీతో పాటు

పీవీ సింధు తల్లి పి.విజయ వాలీబాల్ ఆడినావిడ, తండ్రి రమణ 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టులో ఉన్నారు. అదే జట్టులో హైదరాబాద్ అబ్దుల్ బాసిత్ కూడా ఉన్నారు, తర్వాత అర్జున అవార్డు అందుకున్నారు. ఆ తరానికి ఆట ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఇప్పుడూ తెస్తోంది, కాకపోతే పోటీ పెరిగింది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాల్లో క్రీడా కోటాని 2 నుంచి 3 శాతానికి పెంచింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే 421 క్రీడా కోటాకి పోయాయి. కేంద్రంలో గ్రూప్-సి పోస్టుల్లో 5 శాతం దాకా క్రీడాకారులతో నింపుకునే వీలు శాఖలకి ఉంది. ఇంజినీరింగ్ సీట్లలో క్రీడా కోటా 0.5 శాతం. చిన్నదే, కానీ అందులో పోటీ పడే అమ్మాయిలు ఇంకా తక్కువ. బీసీ-ఈ సర్టిఫికెట్ ఉన్న ముస్లిం అమ్మాయికి, బీసీ-బీలో ఉన్న దూదేకుల అమ్మాయికి తమ రిజర్వేషన్‌తో పాటు క్రీడా కోటా కూడా అడిగే హక్కు ఉంటుంది. ఒకటి పెట్టుకుంటే ఇంకొకటి పోదు, దరఖాస్తులో రెండు గడులూ నింపాలి.

వ్యాయామ ఉపాధ్యాయురాలు కావాలనుకునే అమ్మాయికి డిగ్రీ తర్వాత పీసెట్ రాసి బీపీఈడీ చేయడం తిన్నని దారి. పీసెట్‌లో రాత పరీక్ష ఉండదు. పరుగు, దూకుడు, గుండు విసురుడు కలిపి 400 మార్కులు, ఎంచుకున్న ఆటలో నైపుణ్యానికి 100. వాలీబాల్ ఎంచుకున్న అమ్మాయి ఆ వంద కోసం వేరే సిద్ధపడక్కర్లేదు, కానీ 400 మీటర్ల పరుగుని చిన్నచూపు చూస్తే అక్కడే మార్కులు పోతాయి. అమ్మాయిల స్కూళ్లలో పీఈటీ మేడం కావాలని అడిగే తల్లిదండ్రులు మన ప్రాంతంలో ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు.

చివరిగా కాగితాల సంగతి. ప్రతి టోర్నమెంటు నుంచి వచ్చాక సర్టిఫికెట్‌లో పేరు ఎస్సెస్సీ మెమోలో ఉన్నట్టే ఉందా అని అదే రోజు చూడాలి. షేక్, సయ్యద్, పఠాన్ ముందుకీ వెనక్కీ మారడం, ఒకచోట బేగం, ఒకచోట బీ అని రావడం మన ఇళ్లలో కొత్త కాదు. వెరిఫికేషన్‌లో ఆ ఒక్క అక్షరమే ఆపేస్తుంది. ఫారం-3ని యూనివర్సిటీ తనంతట తానుగా ఇంటికి పంపదు, దరఖాస్తు పెట్టి తీసుకోవాలి. ఫైనలియర్‌లో టీసీ కోసం వెళ్లిన రోజే, ఆ ఏడాది సంతకం పెట్టాల్సిన అధికారి బదిలీ కాకముందే, సౌత్ జోన్ ఆడిన ప్రతి ఏడాదికీ ఒక్కో ఫారం సంతకం, సీలుతో తీసుకుని, రెండు జిరాక్సులు తీయించి, అసలు దాన్ని ఎస్సెస్సీ మెమోతో పాటు బీరువాలో పెట్టాలి.